అమ్మమ్మ మండువా లోగిలి మళ్లీ కట్టుకోవాలి: నడుమ కప్పు వేయాలా, ఆకాశానికి వదిలేయాలా?

గట్టుమీద_ఇల్లు · జూన్ 9

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

అమలాపురం దగ్గర పల్లెలో మా అమ్మమ్మ వాళ్ల మండువా లోగిలి ఉంది. పది సెంట్ల స్థలం, తూర్పు ముఖం. వెడల్పు 50 అడుగులు, లోతు 87. నాలుగు వైపులా గదులు, నడుమ 12 అడుగుల చదరంగా, పైన కప్పు లేని మండువా, చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలు. 1996 నవంబరు తుఫానుకి తూర్పు వైపు కప్పు మొత్తం లేచిపోతే తాతయ్య మళ్లీ పెంకు నేయించారు. ఆయన పోయాక పదేళ్లు తాళం వేసి ఉంచాం. ఇప్పుడు పడమటి గోడ పైనుంచి కిందికి పగిలింది, వాసాలు చెద తినేసింది. ఇద్దరు మేస్త్రీలు వేరువేరుగా చూసి, నిలబెట్టలేం, దించాల్సిందే అన్నారు. ఆ మాట విన్న రోజు అమ్మ అన్నం తినలేదు.

అమ్మకి 71. మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్ ఫ్లాట్‌లో తనకి ఊపిరి ఆడనట్టు ఉంటోంది. అందుకే ఆ స్థలంలోనే ఇల్లు కట్టి, అమ్మతో పాటు మేమూ వెళ్లిపోదాం అనుకున్నాం. మావారిది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. ఆయనకి ఏసీ గది, అటాచ్డ్ బాత్రూములు, పెద్ద కిచెన్ కావాలి. నాకు మండువా కావాలి. చిన్నప్పుడు వాన పడుతుంటే అమ్మమ్మ ఒళ్లో కూర్చుని నాలుగు చూరుల నుంచి నీళ్లు జారడం చూసేదాన్ని. అది నా పిల్లలకి చూపించాలి.

మండువా పైన గ్లాస్ వేయాలా, ఖాళీగా వదలాలా? పాత స్తంభాలు మళ్లీ వాడొచ్చా? పెంకుటి కప్పా, స్లాబా? బడ్జెట్ 55 లక్షలు. దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గానుగ_సున్నం · జూన్ 9

అమ్మా, నేను 35 ఏళ్లుగా సివిల్ పనిలో ఉన్నాను. మీరు కప్పు గురించి అడిగారు. నేను ముందు నీళ్ల గురించి అడుగుతాను. మండువా ఇంట్లో కప్పు లోపలికి వాలుతుంది. అంటే ఊళ్లో అందరూ వాన నీటిని ఇంటి బయటికి పంపుతుంటే, మీరు పిలిచి నడింట్లో పోయించుకుంటున్నారు. లోపలికి వాలే కప్పు, మండువా కలిపి వెయ్యి చదరపు అడుగులు అనుకోండి. తుఫాను రోజున 10 సెంటీమీటర్ల వాన పడితే నడుమ చేరేది 9,300 లీటర్లు. దాదాపు రెండు ట్యాంకర్లు.

లెక్క ప్రకారం ఆ నీటికి నాలుగంగుళాల గొట్టం ఒక్కటి చాలు. కానీ ఒక్క బాదం ఆకు తూముకి అడ్డం పడితే లెక్కలన్నీ పోతాయి, అర్ధరాత్రి పడగ్గదిలోకి నీళ్లొస్తాయి. అందుకని రెండు తూములు పెట్టండి. ఒకటి వీధి వైపు, రెండోది పెరటి వైపు. రెండోది రెండంగుళాలు ఎత్తులో ఉండాలి. మొదటిది మూసుకుపోతే అది పని చేస్తుంది. గొట్టం వంపు తిరిగిన ప్రతిచోటా మూత తీసి చెయ్యి పెట్టగలిగే చాంబర్ కట్టించండి. నేల కింద పూడ్చేసిన వంపుని ఎవరూ శుభ్రం చేయలేరు.

ఇంకో ముఖ్యమైన విషయం. మన పల్లెల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తారు. మీ పాత ఇంటి అరుగు ఇప్పుడు రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి చూసి ఇక్కడ రాయండి.

గట్టుమీద_ఇల్లు · జూన్ 10

బాబాయ్ గారూ, తమ్ముడిని పంపి కొలిపించాను. అరుగు రోడ్డుకన్నా నాలుగంగుళాలు కిందే ఉంది! అమ్మ చిన్నప్పుడు వీధిలోంచి మూడు మెట్లు ఎక్కి అరుగు మీదికి వెళ్లేవారట.

గానుగ_సున్నం · జూన్ 10

మీ గోడ ఎందుకు పగిలిందో కూడా అందులోనే ఉంది. ఏళ్ల తరబడి వీధి నీళ్లు పునాది దగ్గరే నిలిచాయి. మట్టి మెత్తబడి ఒక వైపు కుంగింది.

కొత్త ఇంటి నేల రోడ్డుకి మూడడుగుల పైన ఉండాలి. మండువా నేల ఇంటి నేలకన్నా ఆరంగుళాలే కింద ఉండాలి, ఎక్కువ వద్దు. అక్కడి నుంచి వీధి కాలవకి నలభై అడుగులు ఉందనుకుంటే, గొట్టానికి నూటికి ఒకటి వాలు ఇచ్చినా అయిదంగుళాలు దిగుతుంది. గొట్టం చివర కాలవ నిండుగా పారినప్పటి మట్టానికి పైనే తేలాలి. లేకపోతే వీధి నీళ్లే మీ మండువాలోకి ఎదురొస్తాయి. ఆర్కిటెక్ట్ ఎంత అందమైన బొమ్మ ఇచ్చినా ఈ మూడు మట్టాలు దాని మీద అంకెల్లో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే సంతకం పెట్టకండి.

ఓరుగల్లు_భవంతి · జూన్ 10

అక్కా, మా దిక్కు దీన్ని భవంతి అంటం. మా తాత ఇల్లు వరంగల్ దగ్గర, నాలుగు దిక్కుల అర్రలు, నడుమ వాకిలి. కోతుల బాధకి ఎనిమిదేళ్ల కింద మా నాన్న వాకిలి మీద పాలికార్బొనేట్ షీట్ వేయించిండు. చుట్టూ సందు లేకుండా గట్టిగా మూసిన్రు. మొదటి ఎండాకాలమే తెలిసిపోయింది. ఎండ లోపలికి వస్తది, వేడి బయటికి పోదు. ఏప్రిల్‌లో పొద్దున పదింటికే వాకిట్ల నిలబడలేకపోయినం. ఇదివరకు రాత్రి మంచాలు వేసుకొని పండుకునే జాగ అది. పైగా షీట్ రెండేళ్లకే పసుపు పచ్చగా అయింది.

మూడో ఏడు తీసేసినం. దాని బదులు ఇనుప జాలి పెట్టించినం. కోతులు రావు, గాలి ఆగదు. నాన్న మళ్లా అక్కడే మంచం వేసుకుంటున్నడు. మీరు మాత్రం మూయకండి.

నడిమింటి_వెలుగు · జూన్ 11

నేను ఆర్కిటెక్ట్‌ని, విజయవాడలో చేస్తాను. ఓరుగల్లు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క పొరపాటే నేను ఎక్కువ ఇళ్లల్లో చూస్తున్నాను.

మండువా పని చేసేది రాత్రిపూట. పగలంతా వేడెక్కిన కప్పు, గోడలు రాత్రి ఆకాశంలోకి వేడిని వదులుతాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి మండువాలోకి దిగి, అక్కడి నుంచి గదుల్లోకి పాకుతుంది. పైన అద్దం పెట్టగానే ఆ దారి మూసుకుపోతుంది. మన డెల్టా దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే ఎండలు మండే రోజుల్లోనే మండువాలో నీడ అన్నది ఉండదు. అప్పుడు పైన గ్లాస్ కూడా ఉంటే అది పొయ్యి. అదే డిసెంబరులో మధ్యాహ్నం ఎండ దక్షిణం వైపు నుంచి 50 డిగ్రీల ఏటవాలుగా వస్తుంది. ఉత్తరం వైపు వసారాలో కూర్చుంటే మోకాళ్ల మీద ఎండ పడుతుంది. అమ్మగారి గది ఎటు పెట్టాలో ఆలోచించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

తప్పనిసరిగా మూయాల్సివస్తే కప్పుని చూరుకన్నా రెండడుగులు పైకి లేపి, నాలుగు పక్కలా గాలి పోయేలా రెక్కల జాలీ పెట్టాలి. వాన రాదు, వేడి గాలి పోతుంది. కానీ మీరు అడిగిన చూరు నీళ్లు మాత్రం మీ పిల్లలు చూడలేరు.

ఇంకొకటి. కోస్తాలో గాలిలోనే తేమ ఎక్కువ. మండువాలో నీటి తొట్టి, ఫౌంటెన్ పెట్టి చల్లదనం వస్తుందనుకోవద్దు. కర్నూలు, అనంతపురం లాంటి పొడి చోట్ల నీళ్లు ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. కోనసీమలో అవి ఉక్కని పెంచుతాయి, దోమలకి ఇల్లవుతాయి. మీకు కావాల్సింది గాలి కదలిక. వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరసలో పెట్టండి. వేసవి సాయంత్రాలు సముద్రపు గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి ఆ వైపు కిటికీలు పెద్దవి పెట్టించండి.

పాలకొల్లు_పెరడు · జూన్ 11

చెల్లెమ్మా, నేను పుట్టింది మండువా ఇంట్లో, కాపురానికి వెళ్లింది కూడా మండువా ఇంటికే. పద్ధెనిమిదేళ్లు అందులో చాకిరీ చేశాను. అందరూ అందం గురించి రాస్తున్నారు, నేను పని గురించి రాస్తాను.

మా అత్తవారింట్లో వంటిల్లు ఆగ్నేయం మూల, భోజనాల గది వాయవ్యం వైపు. వర్షాకాలం అన్నం గిన్నె కొంగు కింద దాచుకుని మండువా చుట్టూ తిరిగి వెళ్లాలి. వసారా మూడడుగులే. జల్లు కొడితే తడవకుండా నడవలేం. మా అత్తగారు ఒక శ్రావణంలో రాత్రి బాత్రూముకి లేచి, తడి గచ్చు మీద కాలుజారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆ తర్వాత ఆవిడ నడవలేదు.

అందుకే చెప్తున్నా. మండువా చుట్టూ వసారా అయిదడుగులకి తగ్గొద్దు. చూరు స్తంభాలకన్నా రెండున్నర అడుగులు ముందుకి రావాలి. మీ అమ్మగారి గదిలోనే బాత్రూము ఉండాలి, దానికోసం గది దాటి బయటికి రాకూడదు. వంటిల్లు, భోజనాలు పక్కపక్కనే. మండువాలోకి దిగడానికి ఆరంగుళాల గట్టు ఒక్కసారిగా వద్దు, ఒక వైపు ఏటవాలు చేయించి పట్టుకోడానికి కడ్డీ పెట్టించండి. నేల మీద నిగనిగలాడే టైల్ వేస్తే నేనే వచ్చి తీసేస్తాను.

ఇవన్నీ చేశాక మండువా అంత మంచి చోటు ఇంకోటి లేదు. వడియాలు, ఊరమిరపకాయలు, మామిడి ఒరుగులు అన్నీ అక్కడే ఎండేవి. పసిపిల్లల్ని వదిలేస్తే ఎక్కడికీ పోరు, ఏ గదిలోంచి చూసినా కనిపిస్తారు. నేను ఒంటరిగా పిల్లల్ని పెంచినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

గట్టుమీద_ఇల్లు · జూన్ 11

అక్కా, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. వాళ్ల నాయనమ్మ కూడా అలాగే పడ్డారట. నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. వసారా అయిదడుగులు, అమ్మ గదిలో బాత్రూము. ఈ రెండూ ఇంక మార్చను.

డాలస్_తెలుగోడు · జూన్ 12

మంచి చర్చ. నాది వేరే సమస్య. హైదరాబాద్ శివార్లలో 200 గజాల ప్లాటు, 30 అడుగులకి 60. నాకూ మండువా కావాలని ఉంది. నడుమ నాలుగడుగుల చదరం వదిలి పైన అద్దం వేస్తే సరిపోతుందని ఒక డిజైనర్ చెప్పారు. నిజమేనా?

నడిమింటి_వెలుగు · జూన్ 12

బ్రదర్, రెండంతస్తుల ఇంట్లో నాలుగడుగుల చదరం అంటే అది డక్ట్, గొట్టాలు దింపే సన్నటి సందు. ఇరవై అడుగుల లోతున్న బావిలోకి వెలుగు ఎంత దిగుతుందో అంతే. పావురాలు చేరతాయి, వాసన వస్తుంది, ఒక ఏడాదికి అక్కడ పాత సామాను పడేస్తారు.

ఇరుకు ప్లాటులో నాలుగు వైపులా గదులు పెట్టాలన్న పట్టు వదిలేయండి. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ పోగా మీకు మిగిలే వెడల్పు తక్కువ, నడుమ ఖాళీ పెడితే అటూ ఇటూ గదులు రైలు పెట్టెల్లా అవుతాయి. ఒక పక్కకి జరపండి. ఎనిమిది అడుగుల వెడల్పు, పన్నెండు పొడుగు, మూడు వైపులా ఇల్లు, నాలుగో వైపు ఎత్తైన జాలీ గోడ. గది నుంచి నేరుగా అందులోకి అడుగు పెట్టేలా ఉండాలి. కిటికీలోంచి చూసి వదిలేసే చోటు ఎవరూ వాడరు.

1960ల మొదట్లో కొలంబోలో ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా కట్టిన ఈనా డి సిల్వా ఇంటి ఫొటోలు వెతికి చూడండి. వీధికి మూసిన గోడలు, లోపల వాకిలి చుట్టూ తెరుచుకునే గదులు. పెంకు, రాయి, చెక్క అన్నీ పాతవే, ఇల్లు మాత్రం నేటిది. అదే కాలంలో అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా ట్యూబ్ హౌస్ అని ఇరుకైన పొడవాటి ఇల్లు కట్టారు. వాలు కప్పు వెంబడి వేడి గాలి పైకి పాకి శిఖరం దగ్గర సందులోంచి బయటికి పోయేది. మీ ప్లాటుకి ఆ ఆలోచన సరిగ్గా సరిపోతుంది.

భద్రం_ఇల్లు · జూన్ 13

అందరూ తెరిచి ఉంచమంటున్నారు. మా ఇంట్లో మండువా మీదుగానే దొంగలు దిగారు. చుట్టూ కొబ్బరి చెట్లున్న పల్లెలో పాములు, ఎలకల సంగతేంటి? ఏసీ వేస్తే చల్లగాలి అంతా ఆకాశంలోకే కదా?

గానుగ_సున్నం · జూన్ 13

మీరు అడిగింది సరైన ప్రశ్నే. చూరు మట్టంలో 12 మిల్లీమీటర్ల చువ్వతో గ్రిల్, నాలుగంగుళాలకి ఒక చువ్వ. గ్రిల్ కాళ్లు కాంక్రీటు బీములో పాతాలి, పెంకు కింద వాసానికి మేకు కొడితే ఎవరైనా పీకేస్తారు. ఒక పలకకి మాత్రం లోపలి నుంచి తాళం పెట్టి తెరుచుకునేలా చేయండి, ఆకులు దులపడానికి, పెంకు మార్చడానికి మనిషి ఎక్కాలి కదా. తూము నోటికి స్టెయిన్‌లెస్ జాలీ, అది పాముల కోసం.

గ్రిల్‌కి మామూలు ఇనుము పెడితే ఉప్పుగాలికి నాలుగేళ్లలో పొరలు లేస్తుంది. వెల్డింగ్ అంతా అయిపోయాక గాల్వనైజింగ్, అంటే జింక్ పూత చేయించండి, ముందు చేయించి తర్వాత వెల్డింగ్ పెడితే అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది. ఈ కారణంగానే మోటారుతో జరిగే కప్పులు కోస్తాలో నేను ఎవరికీ చెప్పను. పట్టాలు బిగుసుకుపోతాయి, సరిగ్గా వాన వచ్చిన రోజే కదలవు.

ఏసీ సంగతి ఆర్కిటెక్ట్ అమ్మాయి చెప్పాలి.

నడిమింటి_వెలుగు · జూన్ 13

ఏసీ కావాల్సిన గదులకి గట్టిగా మూసుకునే తలుపు, మండువా వైపు చిన్న కిటికీ. అంతే. ఆఫీసు గది, రెండు పడగ్గదులు ఏసీకి. హాలు, భోజనాలు, వసారా గాలికి. ఇల్లంతా ఏసీ అన్న ఆలోచన ఉంటే మండువా వద్దు, ఆ డబ్బుతో మంచి ఇన్సులేషన్ చేయించుకోండి. రెండూ ఒకే ఇంట్లో సగం సగం చేస్తే రెండూ చెడతాయి.

కడప_మిద్దె · జూన్ 14

మాది ప్రొద్దుటూరు పక్కన. మా తావ చౌడు మిద్దెలు, చదునుగా ఉంటాయి. వాన తక్కువ కాబట్టి వాలు అక్కర్లేదు. మా ఇంట్లోనూ నడుమ చిన్న వాకిలి ఉండేది.

నేను రాసేది నేల గురించి. మండువాలో కడప నాపరాయి వేయమని చాలామంది చెప్తారు. మా రాయే అయినా ఒక మాట చెప్పాల. నల్ల రాయి ఎండకి కాలిపోతుంది, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు. తెరిచిన మండువాకి తాండూరు పసుపు బండ గానీ, లేత రంగు షాబాద్ గానీ పాలిష్ లేకుండా వేసుకోండి. వసారాలో మా నల్ల రాయి వేసుకోండి, నీడలో ఎంత చల్లగా ఉంటుందో చెప్పలేను.

గోడలకి ర్యాట్ ట్రాప్ కట్టుబడి అడగండి. ఇటుకని పడుకోబెట్టకుండా నిలబెట్టి కడతారు, గోడ నడుమ ఖాళీ వస్తుంది. తొమ్మిదంగుళాల గోడే, ఇటుకలు పావు వంతు తగ్గుతాయి, వేడి లోపలికి తొందరగా రాదు. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. కానీ మీ మేస్త్రీకి అలవాటు ఉండాల. ముందు కాంపౌండు గోడ ఒక పది అడుగులు కట్టించి చూడండి. చేతకాకపోతే బలవంతం చేయొద్దు, మామూలు గోడే నయం.

పాతకలప_ప్రేమి · జూన్ 14

స్తంభాల గురించి ఎవరూ రాయలేదు. నేను పాత కలప కొని కొత్త ఇళ్లకి అమర్చే పనిలో ఉన్నాను. అక్కా, ఇల్లు దించేటప్పుడు జేసీబీని లోపలికి రానివ్వకండి. పైనుంచి చేత్తో విప్పించండి. పెంకు, రీపర్లు (పెంకు కింది సన్న పట్టీలు), వాసాలు, దూలాలు, చివర్లో స్తంభాలు. ప్రతి స్తంభం మీద ఏ మూలదో సుద్దతో రాయించండి.

పాత టేకు స్తంభం నడుమ సాధారణంగా బాగుంటుంది. పాడయ్యేది అడుగున, నేల తడి తగిలిన చోట. సుత్తితో తట్టుకుంటూ పైకి వెళ్లండి. డొల్ల మోత వచ్చినంత వరకు కోసేయండి, జాలి పడొద్దు. కోసిన మేరకి కింద రాతి దిమ్మ పెట్టి, నడుమ స్టెయిన్‌లెస్ కడ్డీ గుచ్చి నిలబెడితే చెక్క మళ్లీ నేలని తాకదు. మేకులన్నీ పీకాకే కోతకి పంపండి.

పెంకుల గురించి ఒక ముక్క. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక ఎన్నో ఫ్యాక్టరీలు వచ్చాయి, ఒకదాని గాడి ఇంకోదానికి సరిపోదు. మీ పాత పెంకులో మంచివి ఏరి, ఒకే అచ్చువి ఒకే వైపు వాడండి. వేలితో కొడితే ఖణేల్‌మనాలి. చప్పగా మోగితే లోపల బీట ఉన్నట్టు.

గానుగ_సున్నం · జూన్ 14

బాగా చెప్పావు తమ్ముడూ. ఒక్కటి కలుపుతాను. స్తంభాలు అందానికి మాత్రమే కాదు, చూరు బరువు మోయనివ్వండి. కానీ తుఫాను గాలి కప్పుని కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. 96లో మీ తాతగారి కప్పు అలాగే లేచింది. గోడల మీద చుట్టూ కాంక్రీటు బెల్టు వేసి, దానికి ఇనుప వాసాల్ని బోల్టులతో బిగించండి. మండువా చుట్టూ స్తంభాల తల మీద దూలాన్ని కూడా కింద దిమ్మ దాకా కడ్డీతో పట్టాలి. చూరు దగ్గర రెండు వరసల పెంకులు ఒక్కొక్కటీ స్క్రూతోనో రాగి తీగతోనో కట్టించండి. గాలి మొదట లేపేది వాటినే.

పెంకు కింద సీలింగ్ పెంకు ఇంకో వరస వేయిస్తే మధ్యలో గాలి పొర ఉంటుంది, గది చల్లగా ఉంటుంది. స్లాబుని ఏటవాలుగా పోసి పైన పెంకు అంటించే పద్ధతి నాకు నచ్చదు. బరువెక్కువ, మూలల్లో కారితే ఎక్కడి నుంచో తెలియదు. లోపలికి వాలే కప్పుకి నాలుగు మూలల్లో నాలుగు లోయలు, అంటే రెండు వాలులు కలిసే పల్లాలు వస్తాయి. మండువా ఇల్లు కారేది నూటికి తొంభై సార్లు అక్కడే. ఆ నాలుగు మూలలకీ పదహారంగుళాల వెడల్పు స్టెయిన్‌లెస్ రేకు, అతుకు లేకుండా ఒకే ముక్క.

గట్టుమీద_ఇల్లు · జూలై 2

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. ఇల్లు విప్పించాం. అమ్మ వస్తానని పట్టుబట్టి, వీధిలో కుర్చీ వేసుకుని మూడు రోజులూ చూసింది. ఎనిమిది స్తంభాల్లో ఆరు బాగున్నాయి. ఒక దూలం మీద 1931 అని చెక్కి ఉంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

మీరంతా చెప్పింది పెట్టుకుని ఆర్కిటెక్ట్‌తో నాలుగుసార్లు కూర్చున్నాం. మండువా 11 అడుగులకి 13, పైన గ్రిల్ తప్ప ఏమీ లేదు. చుట్టూ అయిదడుగుల వసారా. అమ్మ గది ఉత్తరం వైపు, చలికాలం ఎండ కోసం. వంటిల్లు ఆగ్నేయం, పక్కనే భోజనాలు. పడమటి వైపు మాత్రమే పై అంతస్తు, అక్కడ మావారి ఆఫీసు, పిల్లల గది. ఆ పై అంతస్తు వల్ల మధ్యాహ్నం రెండు దాటాక మండువాలో నీడ పడుతుందని ఆర్కిటెక్ట్ చూపించారు. మావారు మొదట మండువాకి పోయే 143 చదరపు అడుగులు వృథా అన్నారు. ఆయన గది కిటికీ మండువా మీదికి తెరుచుకుంటుందని తెలిశాక ఆ కిటికీని ఆయనే పెద్దది చేయించారు.

ఆరు స్తంభాలే కాబట్టి మండువా మూలల్లో నాలుగు, పొడుగు వైపుల నడుమ ఒక్కొక్కటి. వాస్తు చూసే పెద్దాయన బ్రహ్మస్థానం, అంటే ఇంటి నడిమి చోటు ఖాళీగా ఉంది కాబట్టి అభ్యంతరం లేదన్నారు. చూరుకి మూడు వైపులా నీళ్లు పట్టే గట్టర్ పెడుతున్నాం. ఉత్తరం వైపు, అంటే అమ్మ గది ముందు మాత్రం గట్టర్ లేదు. చూరు నీళ్లు అక్కడ పడాల్సిందే అని అమ్మ కోరిక. రేపు ఉదయం ముగ్గు పోస్తున్నాం.

పాలకొల్లు_పెరడు · జూలై 2

శుభం చెల్లెమ్మా. ఆ ఉత్తరం వైపు ఏటవాలు, కడ్డీ మర్చిపోకండి.

ఓరుగల్లు_భవంతి · జూలై 3

1931 దూలాన్ని ఏం చేసిన్రు అక్కా?

గట్టుమీద_ఇల్లు · జూలై 3

వీధి గుమ్మం పైన పెడుతున్నాం తమ్ముడూ. అంకెలు బయటికి కనబడేలా.

గట్టుమీద_ఇల్లు · మరుసటి ఏడాది, సెప్టెంబరు 21

నమస్కారం. ఎవరైనా ఇంకా ఈ చర్చ చూస్తున్నారో లేదో. ఆగస్టులో గృహప్రవేశం అయింది. ఖర్చు అనుకున్న బడ్జెట్ కన్నా ఆరు లక్షలు ఎక్కువైంది. అందులో ఎక్కువ భాగం మూడడుగుల ఎత్తుకి మెరక పోయించడానికే అయింది. కానీ మొన్న అల్పపీడనం వానకి వీధంతా మోకాలి లోతు నీళ్లు, మా మండువాలో ఒక్క చుక్క నిలవలేదు. మొదటి తూముకి నిజంగానే ఆకు అడ్డం పడింది, రెండోది పని చేసింది. గానుగ_సున్నం బాబాయ్ గారూ, ఆ రాత్రి మిమ్మల్ని తలుచుకున్నాం.

ఇప్పుడు ఒక సమస్య. గట్టర్ లేని ఉత్తరం వైపు చూరు నీళ్లు బండ మీద పడి ఎగిరి చింది, స్తంభాలకి తగులుతున్నాయి. రాతి దిమ్మలు అడుగు ఎత్తు ఉన్నాయి కానీ చిందు పదిహేను అంగుళాల దాకా వస్తోంది. చెక్క అడుగు తడుస్తోంది, వసారా అంచు కూడా. గట్టర్ పెట్టేస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. అమ్మ వాన పడితే చాలు కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంటోంది. నా కూతురు ఆ చూరు కింద చెయ్యి పెట్టి ఆడుతుంది. గట్టర్ పెట్టకుండా దారి ఉందా?

పాలకొల్లు_పెరడు · సెప్టెంబరు 21

చూస్తున్నాం చెల్లెమ్మా, ఎందుకు చూడం. గట్టర్ వద్దు. చూరు నీళ్లు సరిగ్గా ఎక్కడ పడుతున్నాయో సుద్దతో గీత గీయండి. ఆ గీతకి అటు తొమ్మిది, ఇటు తొమ్మిది అంగుళాలు బండలు తీసేసి, ఆరంగుళాల లోతు కాలవ చేసి, తూము వైపుకి వాలు పెట్టి, గులకరాళ్లు నింపండి. రాళ్ల మీద పడ్డ చుక్క విరిగి లోపలికి జారుతుంది, పైకి ఎగరదు. మా పుట్టింట్లో ఏటి రాళ్లు పోసేవాళ్లు.

పాతకలప_ప్రేమి · సెప్టెంబరు 22

అక్క చెప్పింది చేయండి. ఈలోపు ఎండ కాసిన రోజు చూసి స్తంభాల అడుగుకి వేడి చేసిన లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) రెండు పూతలు పట్టించండి. దిమ్మకీ చెక్కకీ మధ్య సందుని మాత్రం సిమెంటుతో పూడ్చకండి, తడి లోపలే ఉండిపోతుంది.

గట్టుమీద_ఇల్లు · సెప్టెంబరు 22

అలాగే చేస్తాను. శనివారం మేస్త్రీ వస్తున్నాడు. అక్కా, రాళ్లు అరంగుళం సైజు చాలా, పెద్దవి తెప్పించాలా?

పాలకొల్లు_పెరడు · సెప్టెంబరు 22

అంగుళంన్నర. అరంగుళంవి తూములోకి పోతాయి. మరీ పెద్దవి తెస్తే మీ అమ్మగారి కాలు మడత పడుతుంది.